తిట్టు చేరాల్సిన చోటు

ఆగస్టు 24, ఆదివారం

రాత్రి పదకొండైంది, నిద్ర పట్టట్లేదు. భయంతో కాదు, సంతోషమే. అన్నం కూడా సయించలేదు.

ఆరాధన అయ్యాక చర్చి అరుగు మీద ఎప్పటిలాగే మొదలైంది. నిన్నటి వానకి మా పేటలో మళ్ళీ నీళ్ళు నిలిచాయి. నాలుగు చినుకులు పడితే చాలు, చేల మురుగునీరు పోయే డ్రెయిను ఎగదన్ని మా గుమ్మాల్లోకి వచ్చేస్తుంది. దాని నిండా గుర్రపుడెక్క. దూరం నుంచి చూస్తే నారుమడిలా పచ్చగా, ఊదారంగు పూలతో ఎంత అందంగా ఉంటుందో! కింద చుక్క నీరు కదలదు. వంతెన దగ్గరైతే ఆ దుబ్బుల మీద కుక్క నడిచి అవతలి గట్టుకి వెళ్ళడం నేను కళ్ళారా చూశాను.

అందరూ గవర్నమెంటుని తిట్టారు. తిడితే మా అత్తయ్య సూరమ్మే తిట్టాలి. ఆవిడ నోరు విప్పిందంటే మిగతావాళ్ళు మానేసి వింటారు. "ఓట్లకొచ్చినప్పుడు మోకాలి దాకా పంచె ఎత్తుకుని వచ్చారు బాబులు. ఇప్పుడు మనం మొలదాకా ఎత్తుకుని తిరగాల్సొచ్చింది. ఈళ్ళ నట్టింట్లో ఇవే నీళ్ళు పారా!" అంది. అందరూ ఒకటే నవ్వు.

నాకేమైందో తెలీదు. లేచి నిలబడ్డాను. "తిట్టుకుంటూ ఎన్నాళ్ళు కూర్చుంటాం? రేపు సోమవారం, కలెక్టరు గారి ఆఫీసులో గ్రీవెన్సు రోజు. నేను వెళ్ళి అర్జీ పెడతాను" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది. అందరూ ఒకటే చప్పట్లు! ఆటో నడిపే అచ్చిబాబైతే ఈల వేశాడు. "మీరు ఎల్తే పేటంతా మీ ఎనకాలేనండి టీచరుగారూ" అన్నాడు.

ఎనిమిదో తరగతికి పౌరుల బాధ్యతల పాఠం ఆరేళ్ళుగా చెప్తున్నాను. ఇప్పటికి అర్థమైనట్టుంది.

ఆగస్టు 25, సోమవారం

వెళ్ళలేదు. యూనిట్ టెస్టులు. పిల్లల్ని వదిలేసి ఎలా వెళ్తాను? వచ్చే సోమవారం తప్పకుండా.

సెప్టెంబర్ 1, సోమవారం

వెళ్ళలేదు. హెడ్మాస్టరు గారు సెలవివ్వరు. అడగలేదనుకో. అడిగినా ఇవ్వరు.

సెప్టెంబర్ 4, గురువారం

అర్జీ రాశాను! ఎంత బాగా వచ్చిందో. "మా పేట ప్రజల కన్నీళ్ళు, డ్రెయిను నీళ్ళు ఏకమై ప్రవహిస్తున్నవి" అన్న వాక్యం దగ్గర నాకే కళ్ళు చెమర్చాయి.

మా ఆయన పాల్‌కి చదివి వినిపించాను. విని, లుంగీ సర్దుకుని, "డ్రెయిను ప్రవహించట్లేదు కదా మన బాధ" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. తర్వాత కాసేపటికి మెల్లిగా అసలు మాట బయటపెట్టారు. "మా మిల్లు ఓనరుగారికి అన్ని ఆఫీసులతోనూ పనుంటది ఆశా. ఆయన లారీ డ్రైవరు పెళ్ళాం అర్జీలు పట్టుకుని తిరుగుతోందని ఎవరైనా చెవిలో వేస్తే? మండపేటలో డ్రైవర్లకేం కొదవ లేదు."

పాల్ పిరికివాడని కాదు. జాగ్రత్త మనిషి. నేను మాత్రం వెళ్ళి తీరతాను.

సెప్టెంబర్ 8, సోమవారం

ఈ వారం వాన లేదు. నీళ్ళన్నీ లాగేశాయి. ఎండకాస్తుంటే వెళ్ళి నీళ్ళ గురించి ఏం చెప్తాం, నవ్వుతారు. మళ్ళీ వాన పడనీ.

సెప్టెంబర్ 14, ఆదివారం

వాన పడింది.

చర్చి దగ్గర అడిగాను, రేపు నాతో ఎవరెవరొస్తారని. పేటంతా నా వెనకాలే అన్న అచ్చిబాబు చెప్పులు వెతుక్కోవడం మొదలెట్టాడు. ఇల్లు శాంక్షనవ్వాలట, ఇప్పుడు తన పేరు చెడకూడదట. ఒకావిడ కొడుక్కి కాంట్రాక్టు ఉద్యోగం. ఇంకొకావిడకి కోడలి పురుడు, అది క్రిస్మస్‌కి!

"మీరైనా రండి అత్తయ్యా" అన్నాను.

"నా పింఛను కోసేత్తే నువ్విత్తావా?" అంది. అంత నోరూ ఉన్న మనిషి, ఆ మాట మాత్రం గొంతు తగ్గించి అంది. మళ్ళీ వెంటనే, "అయినా మనమెంతే ఆశా. అడిగితే గట్టవతల భీమరాజుగారు అడగాలి. ఆరి చేలూ మునుగుతున్నాయి కదా. పెద్దోరు. ఆరి మాటంటే ఆఫీసోళ్ళు లేచి నిలబడతారు" అంది. అందరూ అవునవునన్నారు.

నాకేం భయం లేదు. ఒక్కర్తినీ వెళ్తే బాగోదని, అంతే.

సెప్టెంబర్ 18, గురువారం

దేవుడా! ఇది వెంటనే రాయాలి. చేతులు కూడా కడుక్కోలేదు, చాక్‌పీసు పొడి పుస్తకానికి అంటుకుంటోంది.

స్కూలు నుంచి వస్తుంటే సెంటర్లో టిఫిను కొట్టు దగ్గర భీమరాజుగారు కాఫీ తాగుతూ కనపడ్డారు. చుట్టూ నలుగురు రైతులు. అక్కడా అదే పాట, గవర్నమెంటు ఇలా, గవర్నమెంటు అలా. మా చర్చి అరుగు లేచొచ్చి అక్కడ కూర్చున్నట్టుంది. సార్వా వరి సగం నీళ్ళలోనే ఉందట.

ధైర్యం చేసి దగ్గరికెళ్ళాను. "నమస్కారమండి రాజుగారూ. డ్రెయిను గురించి మీరొకసారి ఆఫీసులో అడగొచ్చు కదండీ? మీలాంటి వాళ్ళు చెప్తే వింటారు" అన్నాను.

ఆయన కాఫీ గ్లాసు కింద పెట్టి నా వంక జాలిగా చూశారు. "మేమెవరమండీ టీచరుగారూ? రైతుని లెక్క చేసే రోజులా ఇవి? అడిగితే మీ పేటోళ్ళే అడగాలండి. మీరందరూ ఒక్కసారి కదిలారంటే ఏ పార్టీ అయినా హడలిపోతాది. మీ మాటకున్న విలువ మాకెక్కడుందండీ!"

నాకు నవ్వు ఆగలేదు. నడిరోడ్డు మీద, బ్యాగు పట్టుకుని, పిచ్చిదానిలా నవ్వాను. ఆయన కంగారుపడి "ఏంటండీ?" అన్నారు.

"మా అత్తయ్య, మా పేట మొత్తం, మీ మాటకే విలువుంటుందంటున్నారండీ! మీ కోసం మేము, మా కోసం మీరు! మధ్యలో ఆ డ్రెయిను హాయిగా పూలు పూస్తోంది."

భీమరాజుగారు కాసేపు మీసం సవరించుకున్నారు. ఆ తర్వాత ఆయన పొట్ట కదలడం మొదలైంది. నవ్వి నవ్వి, కండువాతో కళ్ళు తుడుచుకుని, "సోమవారం ఎన్నింటికి బయల్దేరదామంటారు?" అన్నారు.

సోమవారం! ఇద్దరం! ఇంక తప్పించుకోవడానికి లేదు.

తప్పించుకోవడానికి అని ఎందుకు రాశాను?

సెప్టెంబర్ 22, సోమవారం

వెళ్ళాం!!

స్కూలుకి జ్వరమని మెసేజ్ పెట్టాను. కాస్త ఒళ్ళు వెచ్చగానే ఉంది, అబద్ధమేం కాదు. అచ్చిబాబు ఆటోలో వెళ్ళాం. వాడు మమ్మల్ని గేటు బయటే దింపి, "నేను ఉత్త డ్రైవర్నండి, నాకేం తెలీదని చెప్పండే" అని వేపచెట్టు కిందకి పోయాడు.

కలెక్టరు గారి దాకా ఎందుకు, ముందు డ్రెయిన్లు చూసే ఇంజనీరుని అడుగుదామన్నారు రాజుగారు. లోపలికి వెళ్తూ, బోర్డు రెండుసార్లు చదివి గుమ్మంలోనే ఆగాను. పక్కకి చూస్తే రాజుగారు కూడా ముడిచిన గొడుగే మళ్ళీ ముడుస్తున్నారు. ఎంత ధైర్యమొచ్చిందో నాకు.

ఇంజనీరంటే ఎవరో లావుపాటి మనిషి కళ్ళద్దాలతో ఉంటాడనుకున్నాను. నాకంటే చిన్న పిల్ల. పేరు వినీల. టేబుల్ మీద టిఫిన్ బాక్సు మూత తీసి ఉంది, తినే తీరిక లేనట్టుంది. లేచి కుర్చీలు చూపించింది. నా అర్జీ మొత్తం చదివింది. కన్నీళ్ళ వాక్యం దగ్గర ఆగలేదు.

"ఈ డ్రెయిను మీద మీ ఊరి నుంచి ఇంతవరకు ఒక్క కంప్లయింటు కూడా రాలేదండీ" అంది.

రాజుగారు అంతెత్తున లేచారు. "రాకపోవడమేంటండీ! ఊరు ఊరంతా తిడుతుంటే!"

"ఎవర్నండీ?"

"గవర్నమెంటుని!"

"ఎక్కడ?"

రాజుగారు నా వంక చూశారు. నేను రాజుగారి వంక చూశాను. టిఫిను కొట్టు దగ్గర అని ఎలా చెప్తాం? చర్చి అరుగు మీద అని నేనెలా చెప్తాను?

ఆ అమ్మాయి నవ్వలేదు, అది గొప్ప విషయం. "పొక్లెయిన్ మెషీన్ ఒక్కటే ఉందండి, చుట్టుపక్కల డ్రెయిన్లన్నిటికీ అదే. ఎక్కడి నుంచి అడుగుతుంటే అక్కడికి పంపుతున్నాం. మీరు అడగలేదు కాబట్టి మీ పేరు వరసలోనే లేదు. దసరా వెళ్ళగానే పెడతాను" అంది. మా ఎదురుగానే ఎవరికో ఫోన్ చేసి చెప్పింది.

అంతే! ఇంత తేలికా! దీనికోసమా ఇన్నేళ్ళు మునిగాం! వచ్చేటప్పుడు అచ్చిబాబు తాపేశ్వరం దగ్గర ఆటో ఆపి కాజాలు కొన్నాడు. తన వల్లే పని జరిగిందని పేటంతా చెప్పుకుంటున్నాడు. చెప్పుకోనీ. ఈ రోజు నాకు ఎవరి మీదా కోపం లేదు.

అక్టోబర్ 6, సోమవారం

మెషీన్ రాలేదు. ఇంకా టైముంది.

అక్టోబర్ 9, గురువారం

రాలేదు. ఫోన్ చేశాను. ఎక్కడో గండి పడితే అక్కడికి పంపారట. "నా చేతుల్లో లేదండీ" అంది వినీల. గొంతు నీరసంగా ఉంది.

అక్టోబర్ 12, ఆదివారం

చర్చి దగ్గర అందరూ ఒకటే మాట, "మేం ముందే చెప్పామా?" వాళ్ళ మొహాల్లో ఎంత వెలుగో! మెషీన్ వచ్చినా అంత సంతోషపడేవారు కాదేమో. మళ్ళీ తిట్లు, మళ్ళీ నవ్వులు. నేనూ తిట్టాను. వినీలని కూడా తిట్టాను, పేరు పెట్టి. తిడితే ఎంత హాయిగా ఉందో. కడుపు నిండినట్టు, ఇంక ఏ పనీ చెయ్యక్కర్లేనట్టు.

అత్తయ్య మాత్రం ఈ రోజు తిట్టలేదు. "ఆ పిల్ల ఎలాగుంటది?" అని అడిగింది. చిన్న పిల్ల, అన్నం తినే తీరిక కూడా లేదు అన్నాను. "ఊఁ" అంది.

అక్టోబర్ 13, సోమవారం

రాయడానికేం లేదు.

అక్టోబర్ 22, బుధవారం

టీవీలో తుఫాను అంటున్నారు. వచ్చే వారం తీరం దాటొచ్చట. అప్పుడే ముసురు పట్టింది. నీళ్ళు మా మొదటి మెట్టు మీద ఉన్నాయి. బియ్యం డ్రమ్ము మంచం మీదకి ఎక్కించాం.

మళ్ళీ వెళ్ళాలి. రేపు పరీక్ష పేపర్లు దిద్దాక ఆలోచిస్తాను.

అక్టోబర్ 23, గురువారం

ఎక్కణ్ణుంచి మొదలెట్టాలో తెలియట్లేదు.

నాలుగో పీరియడ్‌లో అచ్చిబాబు ఫోన్. "టీచరుగారూ, మీ అత్తయ్యగారు ఇంజనీరాఫీసు గుమ్మంలో కూకున్నారండి. ఇంకో పదిమంది ఆడోళ్ళు కూడా. నేనే తీసుకొచ్చాను, రెండు ట్రిప్పులేశాను" అన్నాడు. ఈసారి "నాకేం తెలీదు" అనలేదు.

హెడ్మాస్టరు గారి గదిలోకి పరిగెత్తి, ఆఫీసుకి వెళ్ళాలండి, డ్రెయిను గురించి, అన్నాను. జ్వరం అనలేదు. ఆయన తల కూడా ఎత్తకుండా "వెళ్ళిరండమ్మా" అన్నారు. అంతే!

వెళ్ళేసరికి చూడాలి ఆ దృశ్యం. వానలో తడిసి ముద్దయిన మా పేట ఆడవాళ్ళంతా వరండాలో వరసగా కూర్చుని, పొద్దున్నే నాట్లకి వచ్చినట్టు కబుర్లాడుకుంటున్నారు. అత్తయ్య లోపల ఇంజనీరు గది నేల మీద బాసింపట్టు వేసుకుని ఉంది. వినీల టేబుల్ మీద, ఫైళ్ళ మధ్య, నీళ్ళోడుతూ ఇంత లావు గుర్రపుడెక్క దుబ్బు! దానికో ఊదా పువ్వు.

"మా గుమ్మంలో పూసిందమ్మా. నీకోసం తెచ్చాను" అంటోంది అత్తయ్య.

"అమ్మా, మెషీన్ దూరంగా ఉందమ్మా, నేనేం చెయ్యను?"

"ఎప్పుడొత్తాదో సెప్పు తల్లీ. నువ్వు సెప్పేదాకా ఇక్కడే ఉంటాం. మాకేం ఇబ్బంది లేదు, ఇక్కడ పొడిగా ఉంది. మా ఇళ్ళలోనే తడి."

నేను అత్తయ్య పక్కన కూర్చుని చెవిలో అడిగాను. "అత్తయ్యా, పింఛను?"

"పోతే దాని గురించీ ఇక్కడికే వచ్చి అడుగుతాను" అంది, అందరికీ వినపడేలా. వినీల ఉలిక్కిపడి, "అడిగినందుకు పింఛను ఎందుకు పోతుందమ్మా? అలా ఎవరన్నారు?" అంది. ఎవరన్నారో నాకూ గుర్తు రాలేదు, అత్తయ్యకీ గుర్తు రాలేదు.

వినీల పై ఆఫీసరుకి ఫోన్ చేసింది. సార్, సార్ అంటూ బతిమాలుతోంది. అవతలి నుంచి ఏదో విసుగు. అత్తయ్య లేచి, చెయ్యి చీరకి తుడుచుకుని, "ఫోనిటియ్యమ్మా" అంది. ఆ పిల్ల ఇచ్చేసింది!

ఇంక మొదలవుతాయి తిట్లు అని నేను కళ్ళు మూసుకున్నాను. ఒక్క తిట్టు లేదు. "నమస్కారమండి బాబుగారూ. నా పేరు సూరమ్మండి. మా పేటలో ఇళ్ళలోకి నీళ్ళొచ్చేశాయండి. తుఫానంటున్నారు. మీ పిల్ల ఇక్కడ పొద్దున్నుంచి ఏం తినలేదు, మేమూ తినలేదు. ఆయ్... ఆయ్... ఎల్లుండా అండి? ఎల్లుండంటే ఏ పూటండి?"

ఏ పూటండి! ఆ మాట అడగాలని నాకెందుకు తట్టలేదు?

శనివారం పొద్దున్న అన్నాడాయన.

ఆటోలో వస్తూ అడిగాను, అంతలేసి తిట్లు ఏమైపోయాయి అత్తయ్యా అని. తడిసిన కొంగు పిండుకుంటూ అంది. "ఇన్నాళ్ళూ గోడని తిట్టానే. గోడనైతే ఎంతైనా తిట్టొచ్చు. మనిషి ఎదురుగా కనపడితే తిట్టబుద్ధి కాలేదు. అడగబుద్ధేసింది."

నాకేం బాధగా లేదు. మొదట వెళ్ళింది నేనే. అర్జీ రాసింది నేనే. ఆ సంగతి ఎవరూ అనలేదు. నాకేం బాధగా లేదు.

అక్టోబర్ 25, శనివారం

వచ్చింది!! పసుపు రంగు, ఏనుగంత, పొడుగాటి చెయ్యి! ఊరంతా వంతెన మీదే. గట్టుకి ఇటు మా పేట, అటు రాజుగారు, రైతులు. ఒక్కొక్క ముద్ద గుర్రపుడెక్క లేచినప్పుడల్లా రెండు గట్ల మీదా కేకలు.

వంతెన కిందకి దాని చెయ్యి అందలేదు. ఆపరేటరు ఇంజను ఆపేశాడు. మళ్ళీ గొణుగుడు మొదలైంది, ఇది గవర్నమెంటు పని, మనమెందుకు దిగాలి అని. అదీ నిజమే. ఎవరూ కదల్లేదు. అప్పుడు పాల్, మా జాగ్రత్త మనిషి, చొక్కా విప్పి నా చేతికిచ్చి కొడవలి పట్టుకుని దిగారు. వెనకాలే అచ్చిబాబు. అటునుంచి రాజుగారి పాలేరు, ఆ తర్వాత రాజుగారే, పంచె ఎగ్గట్టి. పీకల్దాకా బురద.

వంతెన కింద పెద్ద దుబ్బొకటి ఊడింది. గుడగుడమని శబ్దం. ఆగిన నీరు ఒళ్ళు విరుచుకున్నట్టు ఒక్కసారి కదిలింది. నేను పెళ్ళై వచ్చాక ఆ డ్రెయిను పారడం చూడటం ఇదే మొదలు. అత్తయ్య నా చెయ్యి పట్టుకుంది. "అర్జీ బాగా రాశావంట కదే, ఆ పిల్ల చెప్పింది. అది చూసే మన పేరు వరసలో ఎక్కిందంట" అంది.

ఆవిడ వంక చూడలేకపోయాను.

అక్టోబర్ 29, బుధవారం

తుఫాను వెళ్ళింది. కరెంటు లేదు. నిన్నంతా గాలి, వాన. నీళ్ళు రెండో మెట్టు దాకా వచ్చి మా పై ప్రాణాలు పైనే పోయాయి. ఇవాళ మధ్యాహ్నానికి లాగేశాయి! పల్లంలో ఉన్న రెండిళ్ళలోకి మాత్రం వచ్చాయి, వాళ్ళని చర్చిలో ఉంచాం. రాజుగారి చేను గాలికి కొంత పడిపోయింది, కానీ మునగలేదు. "గింజ దక్కుతాదండి" అన్నారు. వినీల ఫోన్ చేసి ఎలా ఉన్నారని అడిగింది. ముందు అత్తయ్యని అడిగింది. అడగనీ.

నవంబర్ 2, ఆదివారం

మధ్యాహ్నం భోజనాల వేళ దిగువ ఊరి వాళ్ళు ఇరవైమంది దాకా మా పేట మీదకి వచ్చారు. మంచి కోపం మీదున్నారు. మేం వంతెన కింద కోసి నీళ్ళలోనే వదిలేసిన గుర్రపుడెక్కంతా కొట్టుకుపోయి వాళ్ళ వంతెన కింద అడ్డం పడిందట. చేలు మునిగాయట. "మీ చెత్తంతా మా నెత్తిన పోశారు!" అని ఒకాయన అరుస్తున్నాడు. మా వాళ్ళూ గొంతులు లేపారు. అచ్చిబాబు చొక్కా చేతులు మడుస్తున్నాడు.

అత్తయ్య ఎంగిలి చేత్తోనే బయటికొచ్చింది. ఏం మాట్లాడకుండా వాళ్ళ తిట్లన్నీ నిలబడి వింది. ఇష్టంగా వింది! పని తెలిసిన మనిషి ఇంకొకరి పని చూసినట్టు. వాళ్ళకి ఊపిరి అయిపోయాక, "నిజమే, తప్పే. కింద మీరున్నారని మాకు తట్టలేదు. కూకోండి" అంది. చాపలు వేయించింది. నన్ను టీ పెట్టమంది. పాలు చాలక నాలుగిళ్ళు తిరిగి తెచ్చాను. నేను వచ్చేసరికి ఆవిడ అడుగుతోంది. "రేపు సోమారం. మీలో ఎంతమంది వత్తారు? మేమూ వత్తాం."

వాళ్ళు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. వెనక నుంచి చంటిదాన్నెత్తుకున్న ఒకమ్మాయి "నేనొస్తానండి" అంది. చాలా చిన్న గొంతు. తర్వాత ఇంకొకరు. అరిచినాయన అందరికంటే ఆఖర్న చెయ్యెత్తాడు.

ఇంతమందికి అచ్చిబాబు ఆటో చాలదు. ఎలాగా అని లెక్కలేసుకుంటుంటే, గుమ్మంలో నిలబడి టీ తాగుతున్న పాల్ అన్నారు, "మా ఓనరుగారిని మిల్లు వ్యాను అడుగుతాను. మహా అయితే లేదంటారు."

నేను అడగమనలేదు. ఆయనే అన్నారు. గ్లాసు నాకిచ్చి, చెప్పులేసుకుని, వెళ్ళారు కూడా.